కరెంటు కారుకు అత్త పెట్టిన బొట్టు

మా ఇంట్లో ఏ బండి మంచిదో తేల్చేది మా ఆయనా కాదు, నేనూ కాదు. వెనక సీట్లో కూర్చునే మా అత్త కడుపు. మదనపల్లెలో మాకు టమాటా మండీ ఉంది. మా ఆయన తెల్లవారకముందే మార్కెట్టుకు పోతాడు కాబట్టి ఇంటి బండి నడిపే పని నాది. స్కూటరు నుంచి పెద్ద డీజిల్ బండి దాకా అన్నీ నడిపాను. మా అత్త మాత్రం వాటిలో దేనిలోనూ ఊరి పొలిమేర దాటి కుదురుగా పోయింది లేదు. బండి కదిలిన కాసేపటికే ఆమె ముఖం పాలిపోతుంది. ఆ తర్వాత జరిగేది రాస్తే బాగుండదు.

ఆమె చేయని వైద్యం లేదు. చేతిలో నిమ్మకాయ, నాలుక కింద చింతపండు, ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, కూర్చునే చోట మడత పెట్టిన పేపరు. పేపరు మీద కూర్చుంటే వాంతి రాదని మొదట ఎవరు చెప్పారో కానీ, మా వైపు బస్సుల్లో చాలామంది ఆడవాళ్ళు దేశంలోని వార్తలన్నిటి మీదా కూర్చునే ప్రయాణం చేస్తారు. మా అత్తకు అదీ పనిచేయలేదు.

ఆమె నాకు అత్తే కాదు, మేనత్త కూడా. మా నాన్నకు పెద్ద చెల్లెలు. అందుకే నేను ఆమెను నువ్వు అంటాను, నన్ను తిట్టాలనిపిస్తే ఆమె మొహమాటపడదు. మా నాన్న చిన్న చెల్లెలు, అంటే మా చిన్నత్త, కుప్పంలో ఉంటుంది. అక్కాచెల్లెళ్ళు రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారు. ఏం కూర చేశావన్న దగ్గర మొదలై, సదుం దగ్గరి పుట్టింటి పల్లెలో చిన్నప్పుడు ఎవరు ఎవరి జడ లాగారన్న దాకా పోతుంది ఆ మాట. ఒకప్పుడు చిన్నత్తే బస్సెక్కి వచ్చి వారం పది రోజులు ఉండి వెళ్ళేది. మోకాళ్ళు అరిగిపోయాక బస్సు మెట్లు ఎక్కలేక రావడం మానేసింది. ఇక వెళ్ళాల్సింది మా అత్తే.

ఆమె ఆఖరిసారి వెళ్ళింది చిన్నత్త భర్త పోయినప్పుడు. పలమనేరు దాటేసరికే తల ఎత్తలేకపోయింది. కుప్పంలో దిగిన మనిషిని నేనూ మా ఆయనా చెరో పక్క పట్టుకుని తీసుకుపోయి మంచం మీద పడుకోబెట్టాం. భర్త పోయిన చెల్లెలు లేచి వచ్చి అక్కకు మజ్జిగ పట్టించాల్సి వచ్చింది.

“దాన్ని పట్టుకోని ఏడిసేదానికి పోయి, దాని చేతనే సేవ చేయించుకోనొచ్చినానమ్మా” అని ఇంటికొచ్చాక నాతో అంది. ఆ తర్వాత కుప్పం ప్రయాణం మాట ఎవరు ఎత్తినా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. అట్లా నాలుగేళ్ళు గడిచాయి.

ఇలా ఉండగా, బెంగళూరులో ఉండే మా అన్న ఒక ఖరీదైన కరెంటు కారు కొన్నాడు. ఈ ఎండాకాలంలో ఇల్లు మారుతూ, సామాను మోసుకోవడానికి మా డీజిల్ బండి కావాలన్నాడు. బదులుగా తన కారు మా ఇంటి ముందు పెట్టి, “వారం రోజులు వాడి సూడండి. సంసారానికి పనికొస్తుందనిపిస్తే మీరూ ఇట్లాటిదే తీసుకోండి” అని చెప్పి వెళ్ళాడు. మా ఆయనకు అప్పటికే ఆ యావ ఉంది. మండీ వాళ్ళలో ఒకరిద్దరు కొన్నప్పటి నుంచీ ఆయనకు మా బండి చప్పుడు మరీ ఎక్కువగా వినిపిస్తోంది. నాకు మాత్రం తట్టింది ఒక్కటే. డీజిల్ లేదు కాబట్టి ఆ వాసన ఉండదు. వాసన లేకపోతే మా అత్త కుప్పం చేరవచ్చు.

సంసారానికి పనికొస్తుందా అన్నది మొదటి రోజే కొంత తెలిసిపోయింది. సీట్లు తెల్లటి తోలువి, పాలమీగడ రంగు. మండీ నుంచి వచ్చిన మా ఆయన టమాటా రసం మరకల లుంగీతో అందులో కూర్చోబోతే కేక వేసి ఆపి, పాత దుప్పటి పరిచాను. అంత డబ్బు పోసి కొన్న బండిలో దుప్పటి మీద కూర్చున్నాడు పాపం. డిక్కీలో రెండు క్రేట్లు పడతాయి కానీ మూత పడదు. మా వీధి మలుపులో ఉన్న స్పీడ్ బ్రేకరు దాటినప్పుడల్లా కింద గీరుకుంటుంది, నాకు పళ్ళు జివ్వుమంటాయి. చప్పుడు లేకపోవడం గొప్పే కానీ, మార్కెట్టు రోడ్డులో మన వెనక బండి ఉందని ఎవరికీ తెలియదు. మేకలు కూడా పక్కకు జరగవు. గేటు దగ్గర ఊడుస్తున్న మా అత్త పక్కనే తెచ్చి ఆపితే ఉలిక్కిపడి చీపురు ఎత్తింది.

“దొంగ మాదిరి వస్తాండాదే ఇది” అంది. తర్వాత దాని చుట్టూ ఒకసారి తిరిగి, “తలుపు యాడుండాది దీనికి?” అంది. తలుపు పిడి ఒంట్లోకి దాచుకునే రకం కారు అది. నేను దగ్గరికి పోగానే పిడి తనంతట తాను బయటికొచ్చింది. మా అత్త రెండడుగులు వెనక్కి వేసింది.

ఆ సాయంత్రం చార్జింగు పెడితే కారు మొరాయించింది. ప్లగ్గు పెట్టడమే తరువాయి, ఎర్ర దీపం వెలుగుతోంది. అన్నకు ఫోను చేస్తే ఎర్తింగు సరిగా లేదేమో చూడమన్నాడు. ఇంటి వెనక ఎర్తు గుంత ఎండలకు బిర్రబిగుసుకుపోయి ఉంది. మా ఆయన అందులో ఉప్పు వేసి నాలుగు బిందెల నీళ్ళు పోశాడు. కాసేపటికి ఎర్ర దీపం పోయి పచ్చ దీపం వచ్చింది. మా అత్త పక్కన నిలబడి అంతా చూసి, “నీళ్ళు తాగినంక గానీ అన్నం తినదన్నమాట” అంది. అప్పటికి ఆమెకు కారు మీద కొంచెం మనసైంది. అదే అదను అనుకుని నేను కుప్పం మాట ఎత్తాను. ఈసారి ఆమె వంటింట్లోకి పోలేదు.

“ముందు పుంగనూరు దాకా పొయ్యి సూద్దాం” అంది.

మర్నాడు ఇద్దరమే బయలుదేరాం. కారుకు ఒక గుణం ఉందని అన్న ముందే చెప్పాడు. యాక్సిలరేటరు మీది నుంచి కాలు ఎత్తితే చాలు, ముందు ఏముందో అదే చూసుకుని, ఎంత తగ్గాలో అదే తేల్చుకుని వేగం తగ్గిస్తుంది. దారి ఖాళీ అయితే మళ్ళీ వదిలేస్తుంది. బ్రేకు తొక్కే పనే ఉండదు. పుంగనూరు రోడ్డులో దానికి చేతినిండా పని దొరికింది. ట్రాక్టరు కనిపిస్తే బ్రేకు పట్టుకుంటుంది, తప్పుకుంటే వదులుతుంది. పాల ఆటో వస్తే మళ్ళీ పట్టుకుంటుంది. గడ్డి మోపుతో మోటారుసైకిలు, వెనకాలే టమాటా లారీ. కారు ఎక్కడా తొందరపడలేదు, ఎక్కడా మరచిపోలేదు. నేను మురిసిపోయాను. స్టీరింగు పట్టుకున్న మనిషికి అది తెలివిగానే కనిపిస్తుంది.

సగం దారిలో అద్దంలో చూస్తే మా అత్త కళ్ళు మూసుకుని ఉంది. నిమ్మకాయ ముక్కుకు ఆనించుకుంది. పుంగనూరు ఇంకా కనుచూపు మేరలోకి రాకముందే “ఆపమ్మా” అంది. ఆపాను. రోడ్డు పక్క వంగి, నా చేయి పట్టుకుని, అయిపోయాక నోరు కడుక్కుని, గట్టు మీద కూర్చుంది. వాసన లేదు, పొగ లేదు, ఇంజను అదురు లేదు. అయినా డీజిల్ బండి కన్నా ముందే పని కానిచ్చింది ఈ కారు.

“ఇది గూడా అంతే. బండిది కాదమ్మా తప్పు, నా కడుపుది. ఇంగ వదిలేయ్” అంది.

ఆ మాట కోపంగా అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. చాలా మామూలుగా అంది. తిరిగి వచ్చేటప్పుడు వీలైనంత మెల్లగా నడిపాను. ఆమె కవరు పట్టుకుని కూర్చునే ఉంది. ఇల్లు చేరాక, తెల్ల సీట్లూ పచ్చ దీపాలూ ఉన్న ఆ కారును చూస్తే నాకు ఒళ్ళు మండింది. అన్నకు ఇప్పుడే ఫోను చేసి, వచ్చి తీసుకుపొమ్మందామనుకున్నాను.

నాకన్నా ముందు మా అత్త ఫోను చేసింది. ఆ రోజు చెల్లెలితో మాట్లాడుతుంటే ఆవిడ అడిగిందట, బండికి పూజ చేసినారా అని. వెంటనే మా అన్నకు ఫోను. “బండికి పూజ చేయించినావా అప్పా?” అంది. మా అన్న అబద్ధమాడలేని మనిషి. షోరూములో పూలదండ వేసి ఫోటో తీశారని, గుడికి తీసుకుపోయే తీరిక ఇంకా దొరకలేదని చెప్పాడు. ఫోను పెట్టేసిన మా అత్త ముఖంలో వెలుగు వచ్చింది.

“పూజ లేని బండిలో ఎక్కిస్తే ఇంగేమవుతాది” అని, తప్పులో నాకూ వాటా ఉన్నట్టు నా వైపు చూసింది.

శుక్రవారం పొద్దున నేను లేచేసరికి కారు ముందు ముగ్గు ఉంది. మా అత్త తలస్నానం చేసి, పెద్ద గిన్నెలో పసుపు కలుపుకుని నిలబడి ఉంది. డీజిల్ బండికైతే ముందర జాలీ ఉంటుంది, పసుపు ఎక్కడో ఒక చోట పెట్టి ఊరుకోవాలి. ఈ కారుకు ఇంజను లేదు కాబట్టి ముందర జాలీ కూడా లేదు. నున్నగా, వెడల్పుగా, ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ అంతా మా అత్త చిక్కగా పసుపు పూసేసింది. తర్వాత బొట్టు ఎక్కడ పెట్టాలా అని కాసేపు ఆలోచించింది.

“లైట్లు కండ్లయితే నుదురు పైన గదా ఉండాల” అని, స్టూలు తెప్పించుకుని ఎక్కి, ముందు అద్దం మీద సరిగ్గా నడిమధ్య, పైన, రూపాయి బిళ్ళకు నాలుగింతలు కుంకుమ బొట్టు పెట్టింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ తిప్పి కొట్టించి, ఈసారి నేరుగా కుప్పానికే పోదామంది. మా ఆయన మండీకి పోకుండా ఆగిపోయాడు. ఈ పూజ ఫలితం చూసి తీరాలన్నాడు.

కారు ఆన్ చేయగానే స్టీరింగు పక్కనున్న తెర నిండా పసుపు రంగు అక్షరాలు. ఒకటి పోతే ఇంకొకటి వచ్చింది. ముందు కెమెరాకు ఏమీ కనపడటం లేదని, ముందు భాగం శుభ్రం చేయమని వాటి గోడు. ఆ బొట్టు పెట్టిన చోటే కెమెరా ఉందని, పసుపు పూసిన చోటే బండ్లను కనిపెట్టే యంత్రం ఉందని అప్పుడు అర్థమైంది. నేను పైట కొంగు తీసుకుని దిగబోయాను.

“యాడికి?” అంది వెనక నుంచి మా అత్త.

“కొంచెం తుడిస్తే సరిపోతుందత్తా. కెమెరాకు అడ్డం వచ్చింది.”

“పెట్టిన బొట్టు తుడస్తావా? బయల్దేరేటప్పుడు? అదీ శుక్రవారం పూట?”

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన చాలా శ్రద్ధగా సీటు బెల్టు సర్దుకుంటున్నాడు. బొట్టు తుడవడమంటే మా ఇళ్ళల్లో ఏమిటో, కుప్పంలో మేం చూడబోయే మనిషికి ఆ పని ఎప్పుడు జరిగిందో ముగ్గురికీ తెలుసు. ఇక ఆ కొంగు నా చేతిలో ఎంతసేపు ఉన్నా ఉపయోగం లేదు. అన్నకు ఫోను చేశాను. తన బండికి ఎంత మందాన పసుపు పూశారో ముందు అడిగాడు. తర్వాత, బండి నడవడానికి ఇబ్బంది ఏమీ లేదని, తనంతట తాను చూసుకుని తగ్గే పనులు మాత్రం చేయదని, బ్రేకు నన్నే తొక్కుకోమని చెప్పాడు. ఇన్నేళ్ళూ నేను చేసింది అదే కదా.

నిమ్మకాయలు చిదుపుకుంటూ బయలుదేరాం. నేను ఎప్పటిలా కాస్త దూరం నుంచే చూసుకుని, మెల్లగా కాలు ఎత్తుకుంటూ, తప్పనిసరైతే బ్రేకు ఆనిస్తూ నడిపాను. మొన్న ఆగిన గట్టు వచ్చింది. అద్దంలోంచి చూశాను. మా అత్త కళ్ళు తెరిచే ఉంది. గట్టు దాటింది. పుంగనూరు వచ్చింది. ఊళ్ళో గుంతలూ, బస్సులూ, గుమిగూడిన ఆటోలూ అన్నీ దాటి ఊరు వెనకబడింది. ఒళ్ళోని కవరు ఒళ్ళోనే ఉంది.

“ఈ తట్టు మామిడి తోటలు బో కాసినాయే” అంది మా అత్త, కిటికీలోంచి చూస్తూ.

ఆమె బండిలో కూర్చుని బయటికి చూసి ఒక మాట అనడం నా పెళ్ళయినప్పటి నుంచీ వినలేదు.

పలమనేరులో ఆగితే ఇడ్లీ తింటానంది. మా ఆయన కంగారుపడి వద్దన్నాడు. ఆమె తింది, పైన కాఫీ కూడా తాగింది. ఆమె కాఫీ చల్లార్చుకుంటుంటే నేను బయట నిలబడి కారు వైపు చూశాను. పసుపు ముఖం, పెద్ద బొట్టు. అప్పుడు నాకు వెలిగింది. మొన్న ఆమె కడుపును తిప్పింది కారు తెలివే. ట్రాక్టరుకూ ఆటోకూ పట్టుకుంటూ వదులుతూ, పట్టుకుంటూ వదులుతూ వెనక కూర్చున్న మనిషిని ఉయ్యాల ఊపినట్లు ఊపింది. మా అత్త దాని కళ్ళకు పసుపు కొట్టి ఆ తెలివిని మాన్పించింది. అంత ఖరీదైన బండిలో మాకు పనికిరాని భాగం ఏదో ఆమె తెలియకుండానే కనిపెట్టేసింది.

కుప్పం దారిలో ఏనుగులు దాటే చోటని బోర్డు ఉంటే గట్టిగా చదివి, ఏనుగుల కోసం వెతికింది. వి.కోట దాటాక నిమ్మకాయను పక్కన పెట్టేసింది. చిన్నత్త ఇంటి ముందు కారు ఆగితే, చప్పుడు లేదు కాబట్టి ఎవరూ బయటికి రాలేదు. మా అత్త తనే తలుపు తీసుకుని, తనే దిగి, పేపరు మడత పెట్టి చంకలో పెట్టుకుని, మెట్లెక్కి లోపలికి నడిచింది. నేను వెనకే ఉన్నాను. చిన్నత్త గోడ పట్టుకుని లేవబోతూ అక్కను చూసింది. ముందు ముఖం చూసింది, తర్వాత కాళ్ళు చూసింది, ఎవరూ పట్టుకోలేదని చూసుకుంది.

“నడిసి వస్తాండావే అక్కా” అంది.

మా అత్త పోయి చెల్లెలి పక్కన కూర్చుని ఆమె తల తన భుజానికి ఆనించుకుంది. నాలుగేళ్ళ కింద ఏడవాల్సిన ఏడుపు ఇద్దరూ అప్పుడు ఏడ్చారు. మా ఆయన బయటికి వెళ్ళిపోయాడు. నేను వంటింట్లోకి పోయి, ఎవరూ అడగకపోయినా కాఫీ పెట్టాను. నాకు ఎంత తేలికగా అనిపించిందంటే, పాలు పొంగి పొయ్యి మీద పడినా చూసుకోలేదు.

రాత్రి అక్కడే ఉన్నాం. వాన పడింది. పొద్దున చూస్తే కారు తళతళలాడుతోంది, పసుపూ బొట్టూ ఏమీ లేవు. మా అత్త ముఖం వాడిపోయింది. నేనిక దాచలేక ఉన్నదంతా చెప్పేశాను. బొట్టు వల్ల కాదని, కారు తనంతట తాను తగ్గడం ఆగిపోవడం వల్లేనని, అది ఎక్కడ ఆపాలో అన్నను అడిగి తెలుసుకున్నానని, నిజంగా ప్రమాదం వస్తే పడే బ్రేకు మాత్రం అలాగే ఉంచానని వివరించాను. ఆమె ఓపికగా వింది.

“సరే. నేను బొట్టు పెట్టకపోయింటే నీకు ఈ సంగతి తెలిసుండునా?” అంది.

ఆమె మళ్ళీ కుంకుమ భరిణె తీసింది. ఈసారి ఆమె చేయి పట్టుకుని కిందికి దించి, బానెట్ మీద పెట్టించాను.

చిన్నత్త మాతో వస్తానంది. అడిగింది ఎవరో గుర్తు లేదు, అప్పటికే సంచి సర్దేసి ఉంది. కారు సీటు కిందికి ఉందని నేను మొదటి రోజు నుంచీ తిట్టుకుంటున్నాను. మెట్టు ఎక్కాల్సిన పని లేక, ముందు కూర్చుని తర్వాత కాళ్ళు లోపలికి తిప్పుకునే ఆ కిందితనమే చిన్నత్త మోకాళ్ళకు సరిపోయింది. ఇద్దరూ వెనక కూర్చున్నారు. మా అత్త పేపరును సగం చేసి చెల్లెలికి ఇచ్చింది. పలమనేరు దాకా మాటలే మాటలు. పుంగనూరు దగ్గర మాటలు ఆగాయి. భయపడి అద్దంలో చూశాను. తలలు ఒకదానికొకటి ఆనించుకుని నిద్రపోతున్నారు. మా అత్త సన్నగా గురక పెడుతోంది. నిమ్మకాయ సీటు మీద దొర్లుతోంది.

ఇలాంటిదే కొనాలా, క్రేట్లు పట్టేది, స్పీడ్ బ్రేకరుకు గీరుకోనిది కొనాలా అని దారంతా మా ఆయన గొణుగుతూనే ఉన్నాడు. ఏదైనా సరే, వెనక సీటు గురించి నేను ఎవరినీ అడగాల్సిన పని ఇక లేదు. మెల్లగా కాలు ఎత్తడం నాకు వచ్చు.

మదనపల్లె చేరేసరికి సాయంత్రమైంది. మా వీధి మలుపులో స్పీడ్ బ్రేకరు మీద ఊపిరి బిగబట్టుకుని దాటించాను. ఇద్దరూ కదల్లేదు. ఇంటి ముందుకు రాగానే మా ఆయన గేటు తీయడానికి దిగబోయాడు. నేను ఆయన చేయి పట్టుకుని ఆపి, కారు ఆపకుండానే ముందుకు పోనిచ్చి, ఊరి బయటి దాకా ఇంకో చుట్టు తిప్పుకొచ్చాను.